గడప పసుపు

నమోదు 1 — శ్రావణం, మంగళవారం

జీర్ణశాఖలో ఫిర్యాదు పెట్టినవాళ్లందరికీ రాసుకునే పలక ఒకటి చేతిలో పెడతారు. రోజూ రాసి పంపాలట. గోడలో తేమ ఎంత, నష్టం ఎంత మేర, కిటికీలు ఎప్పుడు తెరిచారు, ఎప్పుడు మూశారు, ఇవీ వాళ్లకు కావలసిన సంగతులు. తేమ కొలవడం నాకు రాదు. నాకు ఎంత కోపం వచ్చిందో రాస్తాను. దాన్ని కొలవడం వాళ్లు నేర్చుకుంటారు.

నా పేరు వరహాలమ్మ. ఎగువూరు, మూడో వరస, చివరి నుంచి రెండో ఇల్లు. లోయలోంచి ఊరికి నీళ్లు లాగే లిఫ్టు నడుపుతాను. ఆ లిఫ్టుకు తాళ్లు అల్లేది నా మొగుడు సన్నిబాబు. సముద్రం మా తీరం మీదికి వచ్చినప్పుడు అందరితో పాటు మేమూ కొండెక్కాం. అప్పటి నుంచి ఇదే ఇల్లు. ఊకను ఒత్తి చేసిన చెక్కలతో కట్టిన రెండు గదులు. ఈ ఊళ్లో అందరివీ అవే ఇళ్లు. సిమెంటు అనే మాట ముసలివాళ్లు తప్ప ఎవరూ అనరు.

ఈరోజు పొద్దున్న ఇల్లు ఊడ్చి చీపురును తలుపు పక్క గోడకు ఆనించాను. చీపురు గోడలోకి దిగబడింది. వేలు పెట్టి నొక్కితే ఊకచెక్క అప్పడంలా విరిగింది. లోపలంతా మట్టి బాటలు. ఆ బాటల్లో తెల్లగా, మెత్తగా, తలలు ఊపుకుంటూ పురుగులు. మా ఇంటికి సేవకులు పట్టాయి.

పై వాక్యంలో నేను రాసిన మాట అది కాదు. పలక మార్చేసింది. తుడిచి మళ్లీ రాశాను. మళ్లీ సేవకులు. పెద్ద అక్షరాలతో రాశాను. సేవకులు. ఇంటి గోడ తినేసే పురుగును పట్టుకుని, చెత్త తినడానికి జీర్ణశాఖ పెంచుతోంది కాబట్టి, సేవకులనాలట! ఒళ్లు మండిపోయి, మా అమ్మ ఆ పురుగును ఏమని పిలిచేదో గుర్తు చేసుకుని అలాగే రాశాను. చదలు. పలక నోరు మూసుకుంది. పద్యాల్లో చదలు అంటే ఆకాశం కదా. దీనికి తెలుగు నేర్పినవాడు పద్యాలు చదివాడే గాని మా వైపు మాట ఎప్పుడూ విన్నట్టు లేదు. సరే, మంచిదే. మా ఇంటికి ఆకాశం పట్టిందని చదువుకోనీ. ఇకనుంచి నేను ఇలాగే రాస్తాను.

మా ఇంటికి చదలు పట్టాయి.

నమోదు 2 — బుధవారం

జీర్ణశాఖ నుంచి తన్మయ్ అనే కుర్ర అధికారి వచ్చాడు. చెప్పులు విప్పాడు, మంచినీళ్లిస్తే తాగాడు, నన్ను అమ్మా అన్నాడు. మర్యాదలో లోటేమీ లేదు. చేతికర్రతో గోడను నాలుగు చోట్ల తట్టి పెదవి విరిచాడు.

"ఇది తేమ వల్ల జరిగిన శిథిలత అమ్మా."

"తేమకి కాళ్లుంటాయేటి బాబూ? ఇదిగో, సూడు, నడుస్తన్నాది నీ తేమ."

"అవి సేవకులే కావచ్చు. దారి తప్పి వచ్చి ఉంటాయి. కాని దారిపూత లేనిదే అవి దేన్నీ తినవు. మీ గోడకు మేం దారిపూత వేయలేదు. కాబట్టి తినలేదు."

"తినకపోతే గోడేటైపోనాది?"

"తేమ" అన్నాడు మళ్లీ, నాకు వినపడలేదేమో అన్నట్టు.

దారిపూత అంటే ఈ ఊళ్లో పుట్టిన పిల్లలకు కూడా తెలుసు. కొండ కింద మునిగిన పాత నగరం నుంచి చెత్తంతా పైకి లాగి మేతస్థలంలో పోస్తారు. దాని మీద జీర్ణశాఖ వాళ్లు ఒక పూత చల్లుతారు. ఆ వాసన పట్టుకుని పురుగులు వస్తాయి, తిని మట్టి చేస్తాయి. ప్లాస్టిక్కు, కర్ర, ప్లైవుడ్డు, దేన్నైనా సరే. ఆ మట్టిలోనే మా వరి పండుతుంది. వాటిని తయారు చేసినవాళ్లు చదువుకున్నవాళ్లే, కాదనను. ఆ అన్నమే నేనూ తింటున్నాను. కాని పూత లేనిదే తినవన్న మాట వాళ్లు ఎంతగా నమ్మేశారంటే, కళ్ల ముందు తింటున్నా వాళ్లకు కనపడదు.

తన్మయ్ పోతూ పోతూ కిటికీలు తెరిచి ఉంచమన్నాడు. కిటికీ తెరుద్దామని రెక్క లాగితే చట్రంతో సహా చేతిలోకి వచ్చింది. అప్పటికి వాడు వీధి మలుపు తిరిగిపోయాడు. ఆ చట్రం పట్టుకుని వీధి మధ్య నిలబడి నోటికొచ్చినట్టు తిట్టాను. ఆ తిట్లు ఇక్కడ రాయను, పలక వాటిని దీవెనలుగా మార్చినా మార్చుతుంది.

నమోదు 3 — శుక్రవారం

శ్రావణ శుక్రవారం. తలంటుకుని, గడప కడిగి పసుపు రాశాను. ఇంటికి పురుగు పట్టిందని గడపను బోసిగా వదిలేస్తామా? పంతం కొద్దీ రోజూ రాసేదానికన్నా దట్టంగా రాశాను.

మా గడప సంగతి రాయాలి. ఇలాంటిది ఈ ఊళ్లో ఇంకొకటి లేదు. మిగతా ఇళ్ల గడపలన్నీ ఊకచెక్కవే, పైన నున్నటి లక్క. నాది టేకు. కింద మునిగిపోయిన మా ఇంటిది. సముద్రం వచ్చిన రోజు జనం బీరువాలూ బ్యాటరీలూ ఎత్తుకుని పరిగెడుతుంటే నా మొగుడు గునపం పెట్టి గడప పెకలించి భుజాన వేసుకున్నాడు. బియ్యం బస్తా వదిలేసి కొయ్య మోస్తావా అని కొండ ఎక్కినంతసేపూ తిట్టాను. అతను భుజం మార్చుకుంటూ ఎక్కాడు. పైకి వచ్చాక ఈ ఊకచెక్క గోడల మధ్య దాన్ని అమర్చాడు. మొదటిసారి దాటి లోపలికి వెళ్లినప్పుడు ఇది నా ఇల్లే అనిపించింది. అంతకు ముందు రోజు వరకూ అనిపించలేదు.

ఇక పసుపు. కొండ మీద ఉన్న కాస్త నేలా వరికే పోయింది, పసుపు పండించరు. కొన్నేళ్లు మా గడపలన్నీ ఎండిన మొహాలతో ఉన్నాయి. చివరికి ఆడవాళ్లమంతా సరఫరా కొట్టు ముందు బైఠాయించాం. కూరలోకి పసుపు లేకపోతే పోనీ, గడపకు లేకపోతే ఎలా అని గొంతులు పోయేలా అరిచాం. కొన్నాళ్లకు పొట్లాలు వచ్చాయి. వాటి మీద "గడప పసుపు. తినరాదు" అని ముద్ర. పసుపు వాసన ఉండదు. తడిసిన కాగితం వాసన. రంగు మాత్రం కంటికి నిండుగా ఉంటుంది. ఎక్కడిదని ఎవరూ అడగలేదు. అడిగితే ఆపేస్తారేమోనని భయం.

మధ్యాహ్నం లిఫ్టు దిగి వచ్చి గోడకు మరిగే నీళ్లు కొట్టాను. సున్నం కొట్టాను. వేపాకు నూరి ఆ రసం బాటల్లో పోశాను. చేతులు బొబ్బలెక్కాయి. సన్నిబాబు పీట మీద కూర్చుని తాడు అల్లుతూ చూస్తున్నాడు.

"ఊరుకోయే. అయ్యే ఎల్లిపోతాయి."

"అయ్యి ఎల్లవు. మనమే ఎల్లాలి. అలగైతే నీకు బాగుంటాది కదా, పీటొకటి సంకనెట్టుకుని ఎల్లిపోవచ్చు."

అతను తాడు వైపు చూసుకున్నాడు. ఈ మనిషికి కోపం ఎందుకు రాదో నాకు పెళ్లైన నాటి నుంచీ అర్థం కాలేదు. ఇద్దరి కోపం నేనొక్కదాన్నే పడాల్సి వస్తోంది.

నమోదు 4 — ఆదివారం

రెండు రోజులు కూడా కాలేదు, పురుగులు రెట్టింపయ్యాయి. తలుపు చుట్టూ మొదలైన బాటలు ఇప్పుడు పొయ్యి గదిలోకి పోతున్నాయి. ముగ్గుడబ్బా పెట్టిన అర కూలింది.

పక్కింటి మార్తమ్మదీ నాదీ ఒకటే గోడ. నా వైపు చెయ్యి పెడితే చెయ్యి దిగుతుంది. ఆమె వైపు వెళ్లి చూశాను. గుద్దితే నా గుప్పిట నొప్పి పుట్టింది తప్ప గోడ చెక్కు చెదరలేదు. అప్పుడు నాకు అనుమానం వచ్చింది. అనుమానం రాగానే నోరు కూడా వచ్చింది. మార్తమ్మ ప్రార్థన నుంచి అప్పుడే తిరిగి వస్తోంది, తెల్లచీర, చేతిలో గొడుగు.

"ఏదో మందు కొట్టి నా వైపు తోలీసినావు కదే!"

"ఏటొదినా ఆ మాట? తినడానికే నేదు, పురుగులకి మందెక్కడ్నించి తెస్తాను?"

"మరి నీ గోడెందుకు గట్టిగున్నాది?"

"నాకేటి తెల్సు? దేవుడి దయ."

"అంటే మా దేవుడికి దయ నేదనా?"

వరస వరసంతా బయటికి వచ్చింది. మార్తమ్మ ఏడుస్తూ లోపలికి పోయి తలుపేసుకుంది. కొండెక్కిన నాటి నుంచీ ఒకే పొయ్యి మీద ఇద్దరం గంజి కాచుకున్నవాళ్లం. అయినా నా కోపం దిగలేదు. ఎవరో ఒకరు కారణం కావాలి కదా! తేమను తిడితే అది వినదు.

నమోదు 5 — మంగళవారం

తలుపు మీద కాగితం అంటించారు. తలుపు కూడా బోలుగా ఉంది కాబట్టి కాగితమే దాన్ని పట్టుకుని ఉంది. దాంట్లో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. "మీ గృహం జీర్ణయోగ్యమని తేలినది. వచ్చే వారం శనివారం నాడు అప్పగింత జరుగును. దంపతులు సామానుతో ఉమ్మడి శాలకు చేరవలెను."

ఉమ్మడి శాల అంటే ఊరి చివర పొడుగాటి షెడ్డు. ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క, మంచాలు ఒకదాని మీద ఒకటి. అందులోకి పోయినవాళ్లెవరికీ తిరిగి ఇల్లు ఇచ్చిన దాఖలా లేదు. చెక్క లేదు, వంతు రాలేదు అంటారు. పోయినవాళ్లు పోయినట్టే. ఈ వయసులో నేను ఒక పక్క, సన్నిబాబు ఒక పక్క పడుకుని, పొద్దున్నే వరసలో నిలబడి గంజి పోయించుకోవాలి.

అది చాలదన్నట్టు ఆ మాట. అప్పగింత. ఇల్లు మొత్తానికి పూత చల్లి పురుగులకు వదిలేయడానికి ఆ పేరు పెట్టారు. తన్మయ్ లిఫ్టు దగ్గరికి వస్తే ఆపాను.

"నీకు పెళ్లైందా బాబూ?"

"లేదమ్మా."

"అప్పగింతలెప్పుడైనా సూసినావా? పిల్ల చెయ్యి పాలల్లో ముంచి అత్తోరి చేతిలో పెడతారు. తల్లీ తండ్రీ ఏడుస్తారు. మా పిల్లని బాగా చూసుకోండని చెప్తారు. మీరు మా ఇంటిని పురుగుల చేతిలో పెట్టి ఏటని చెప్తారు?"

"ఆ మాట మేం పెట్టింది కాదమ్మా. పైనుంచి వచ్చింది. వినడానికి గౌరవంగా ఉంటుందని పెట్టారట."

గౌరవంగా! నేను బ్రేకు వదిలేశాను. నీళ్ల తొట్టి గిర్రున కిందికి పోయి లోయలో ధనామని పడింది. కావాలని చేయలేదని రాయమంటే రాస్తాను.

నమోదు 6 — శుక్రవారం

వరలక్ష్మి పూజ. ఈ ఇంట్లో ఇదే ఆఖరి పూజేమో అని ఏడవాల్సింది. ఏడుపు రాలేదు, పళ్లు నూరుకుంటూనే కలశం పెట్టాను. పొట్లంలో మిగిలిన పసుపంతా నీళ్లలో కలిపి గడపకు రాశాను. ఇంకా మిగిలింది. పొట్లం మీద గడపకని ముద్ర ఉంది. తినవద్దన్నారు గాని కాళ్లకు రాసుకోవద్దనలేదు కదా అని కాళ్లకు నిండుగా రాసుకున్నాను. పసుపు కాళ్లు చూసుకుని ఎన్నేళ్లైందో!

మధ్యాహ్నం భోజనం చేసి గోడ పక్కన చాప మీద ఒరిగాను. కునుకు పట్టింది. ఎడమ అరికాల్లో చురుక్కుమంటే కళ్లు తెరిచాను. గోడలోంచి కొత్త మట్టి బాట ఒకటి నేల మీదుగా, చాప మీదుగా నా పాదం దాకా వచ్చేసింది. పాదం మీద తెల్లగా పాకుతున్నాయి. వేళ్ల సందుల్లో, మడమ పగుళ్లలో, పసుపు ఎక్కడ దట్టంగా ఉంటే అక్కడ గుమిగూడాయి. అరికాలి మంట నెత్తికెక్కింది అంటారు కదా, నాకు అచ్చంగా అదే జరిగింది.

సన్నిబాబు చెంబుతో నీళ్లు తెచ్చి ఎడమ కాలు కడిగాడు. కడిగిన కాలిని వదిలేసి అవి బారులు తీరి కుడి కాలి వైపు తిరిగాయి. ఇద్దరం కదలకుండా చూశాం. కుడి కాలికి ఇంకా పసుపు ఉంది.

"ఏటే ఇది?" అన్నాడు.

నేను గడప వైపు చూశాను. బాటలన్నీ తలుపు చుట్టూ మొదలైన సంగతి, శుక్రవారాలు దాటగానే రెట్టింపైన సంగతి, మార్తమ్మ గడపకు పసుపు రాయని సంగతి, అన్నీ ఒక్కసారి మీదపడ్డాయి. ఒక కాలు పసుపుతో, ఒక కాలు తడితో పరిగెత్తి ఆమె తలుపు కొట్టాను.

"సెమించమని అడగడానికొచ్చినావా వదినా?"

"కాదు. నీకాడ ఊకచెక్క ముక్కలు రెండుంటే ఇయ్యి."

"అదే అనుకున్నాను" అని మొహం ముడుచుకునే వెతికి ఇచ్చింది. ఎందుకో చెప్పాక కొంగు బిగించి నాతో వచ్చింది.

ఒక ముక్కకు తడి పసుపు రాశాం. రెండోది అలాగే వదిలేశాం. రెండూ పక్కపక్కన గోడ వారగా పెట్టి, ముగ్గురం మంచం మీద కాళ్లు ముడుచుకుని కూర్చున్నాం. పొద్దు వాలేసరికి పసుపు ముక్క జల్లెడైపోయింది. రెండో ముక్క మీద ఒక్క పురుగు కూడా లేదు.

"ఇంత పచ్చగా రాసీదానివి నువ్వొక్కర్తివే వదినా" అంది మార్తమ్మ మెల్లగా. నన్ను దెప్పాలని కాదు. అయినా నాకు తగిలింది. ఇంటిని కాచుకోవడానికి రాసుకున్నదే ఇంటి మీదికి తెచ్చింది. దీనికి నేను ఎవరి పీక పట్టుకోవాలో తేలాలి.

నమోదు 7 — సోమవారం

తేలింది. జీర్ణశాఖ ఆఫీసుకు మార్తమ్మా నేనూ వెళ్లాం. తన్మయ్ బల్ల మీద సరఫరా కొట్టులో తెచ్చిన కొత్త పసుపు పొట్లం విప్పి పెట్టి, చెంబులో నీళ్లు కాసిని పోశాను. తడిసిన కాగితం వాసన గదంతా కమ్మింది. వాడి మొహంలో రంగు పోయింది.

"ఇది మీ దగ్గరికి ఎలా వచ్చింది?"

"సరఫరా కొట్టోళ్లిచ్చినారు. మాకే కాదు, ఊరందరికీ."

వాడు లేచి వెళ్లి తలుపు మూశాడు. తరవాత నిజం చెప్పాడు, ఆ మాత్రం మంచితనం ఉంది. గడువు దాటిన దారిపూత ఎండిపోయి పచ్చటి పొడి అవుతుందట. పారేయడానికి చోటు లేక మూటలు కట్టి పెట్టారట. మా అరుపులు పడలేక సరఫరా కొట్టువాళ్లు పసుపు రంగు పొడి ఏదైనా ఉందా అని అడిగితే ఆ మూటలు ఇచ్చేశారట.

"ఎండితే దాని పని అయిపోతుందమ్మా. పొడిగా ఉన్నంతవరకు వాసన రాదు, ఏ ప్రమాదమూ లేదు. తడిస్తేనే మళ్లీ..."

"పసుపు తడపకుండా గడపకెలగ రాస్తారు బాబూ?"

"చల్లుతారేమో అనుకున్నాం. ముగ్గులాగా."

మార్తమ్మ నోరు తెరిచేసింది. ప్రార్థనకు పోయే మార్తమ్మకు కూడా తెలుసు, పసుపు తడిపి రాస్తారని. ఇంత పెద్ద ఆఫీసులో ఒక్కడంటే ఒక్కడు కూడా ఇంటికి పోయి తల్లినో పెళ్లాన్నో అడగలేదు. ఊరందరి గడపల మీదా పురుగుల దారి వేసి, తేమ, తేమ అని మా గోడలు తట్టుకుంటూ తిరిగారు.

నేను బల్ల మీద చెయ్యి వేసి అడిగాను, తప్పు మీదేనని చెప్పి నా ఇంటి అప్పగింత ఆపుతావా లేదా అని. పొట్లాలు రేపటి నుంచే ఆపేస్తామన్నాడు. మిగతా ఇళ్ల గడపలకు లక్క ఉంది కాబట్టి తుడిస్తే పోతుంది, వాటికి భయం లేదన్నాడు. కారణం మాత్రం తేమ అని ఇప్పటికే రాసేశామన్నాడు. నా గడప మాటకొచ్చేసరికి తల దించుకున్నాడు.

"మీది టేకు అమ్మా. ఇన్నాళ్లూ రాసినదంతా లోపలికి పీల్చేసుకుంది. కడిగినా, గీరినా పోదు. అది అక్కడ ఉన్నంతకాలం అవి వస్తూనే ఉంటాయి. గడప తీసేస్తే ఇల్లు నిలుస్తుంది. లేదంటే శనివారం..."

చెంబులో మిగిలిన నీళ్లు వాడి బల్ల మీద గుమ్మరించి వచ్చేశాను.

నమోదు 8 — మంగళవారం

పొద్దున్నే గునపం తెచ్చి సన్నిబాబు ముందు పడేశాను. అతను దాన్ని ముట్టుకోలేదు.

"నాను మోసుకొచ్చినాను. నాను తియ్యను."

"మరి శాలకి పోయి పడుకుంటావా? నువ్వో మూల, నానో మూల?"

"తియ్యను" అన్నాడు మళ్లీ. పెళ్లైన నాటి నుంచి అతను నాకు ఎదురు చెప్పడం ఇదే మొదలు.

అందుకని నేనే తీశాను. గునపం మొన దిగినప్పుడల్లా గడప మూలిగింది. పైన పచ్చగా ఉంది గాని, లోపల ఆ టేకు ఇంకా ఎర్రగా, గట్టిగా ఉంది. పురుగులకు అది దారి మాత్రమే. దాన్ని పట్టుకుని పక్క గోడలు తిన్నాయి, దాని జోలికి ఇంకా రాలేదు. వట్టిపోయిన కొయ్య అయితే ఇంత బాధ ఉండేది కాదు. నేను ఏడ్చాను, ఇక్కడ దాచుకోను. కోపంతో ఏడ్చాను. సముద్రానికి దొరకకుండా తెచ్చుకున్నదాన్ని ఒక ఆఫీసు తెలివితక్కువతనానికి ఇచ్చుకోవాల్సి వచ్చింది.

ఊడి వచ్చాక సన్నిబాబు లేచి ఒక కొస భుజానికెత్తుకున్నాడు. రెండో కొస నేను పట్టుకున్నాను. మేతస్థలం ఎడమ వైపు. నేను కుడి వైపు తిరిగాను. అతను ఎందుకని అడగలేదు. మార్తమ్మ వెంట నడిచింది, ఆమె వెనక మూడో వరస ఆడవాళ్లంతా. అప్పటికే పసుపు సంగతి ఇల్లిల్లూ పాకింది. ఒకావిడ అరచేతులు చీరకు తుడుచుకుంటూనే ఉంది.

జీర్ణశాఖ ఆఫీసు కూడా ఊకచెక్కదే. తలుపు పక్క గోడకు గడపను నిలువుగా ఆనించాం. అదే సమయానికి వాన మొదలైంది. టేకులోంచి పచ్చటి నీళ్లు కారి ఆ గోడ మొదట్లో మడుగు కట్టాయి. తన్మయ్ గొడుగు కూడా లేకుండా బయటికి వచ్చాడు.

"అమ్మా, ఇక్కడ పెట్టకండి! తడుస్తోంది! తీసేయండి!"

"ఎందుకు బాబూ? ఏటైపోద్ది? తేమే కదా."

"మీకు తెలుసు కదమ్మా, వచ్చేస్తాయి!"

"ఏటొస్తాయి? సేవకులా? రానీ. సేవ సేయించుకోండి."

వాడు గోడ వైపు చూశాడు, మడుగు వైపు చూశాడు, అంతమంది ఆడవాళ్ల వైపు చూశాడు. అప్పుడు పురుగుల అసలు పేరు పెట్టి అరిచాడు. ఆ మాట ఇక్కడ రాస్తే పలక ఒప్పుకోదు. కాని వాడి నోటితో వాడు, ఊరంతా వింటుండగా, అచ్చంగా ఆ మాటే అన్నాడు. అవి పట్టేస్తాయి అన్నాడు. మా ఆఫీసును తినేస్తాయి అన్నాడు.

"మా ఇల్లు తిన్నయ్యి కూడా అయ్యే" అన్నాడు సన్నిబాబు. గొంతు పెంచలేదు. తన్మయ్ అతని కళ్లలోకి చూడలేకపోయాడు.

"మీ ఇంటి అప్పగింత రద్దు" అన్నాడు చివరికి. "తప్పు మాదే. అందరి ముందూ చెబుతున్నాను."

తన్మయ్ మనుషులు నలుగురు గడపను భుజాలకెత్తుకుని వానలో మేతస్థలం వైపు పరిగెత్తారు. మలుపు తిరిగేదాకా ఆ ఎర్రటి కొస కనపడింది. రేపటికి దాన్ని మట్టి చేస్తాయి. ఆ మట్టి వరికి పోస్తారు. ఎవరైనా నాకు ఇప్పుడు అన్నం మంచిదని చెప్పడానికి వస్తే చెంప పగలగొడతాను.

నమోదు 9 — పై వారం శుక్రవారం

నిన్న తన్మయ్ వచ్చి గోడలు తట్టి చూశాడు. పురుగులు పోయాయి, బాటలు ఎండిపోయాయి. కొత్త చెక్కలు వేయించి ఇచ్చారు. ఊకచెక్క గడప ఒకటి, లక్క వేసినది, ఊరికే ఇస్తామన్నారు. వద్దన్నాను. పలక ఇచ్చేయమన్నారు. సాయంత్రం ఇస్తాను. ఇన్నాళ్లూ నేను రాసినదాంట్లో వాళ్లు తేమ గడి తప్ప ఏదీ చదవలేదని, అది కూడా ఖాళీగా ఉందని తన్మయ్ నొచ్చుకున్నాడు.

ఇవాళ ఆఖరి శ్రావణ శుక్రవారం. పొద్దున్నే తలంటుకుని చెంబుతో నీళ్లు తెచ్చి గుమ్మంలో వంగాను. అక్కడ కడగడానికి ఏమీ లేదు. మరిచిపోయి వంగానని చెప్పలేను, తెలిసే వంగానని కూడా చెప్పలేను. నీళ్లు పోశాను. ఆపేది లేక సగం వీధిలోకి, సగం ఇంట్లోకి పోయాయి. ఇల్లు దక్కింది. ఇల్లు దక్కినందుకు నేను సంతోషపడాలని అందరూ ఎదురుచూస్తున్నారు. నాకు మాత్రం ఇంకా అంతే కోపంగా ఉంది. చెంబు వీధిలోకి విసిరేసి, తడిలో అక్కడే చతికిలబడ్డాను, ఒక కాలు లోపల, ఒక కాలు బయట.

లోపల సన్నిబాబు తాడు అల్లుకుంటున్నాడు. తల ఎత్తకుండానే అలవాటుగా అన్నాడు.

"ఒలే, గడప మీద కూకోకూడదే."

"ఏ గడపయ్యా?" అని అరిచాను. పక్కింట్లో మార్తమ్మ గిన్నెల చప్పుడు ఆగింది.

అతని చేతులు తాడు మీద ఆగిపోయాయి. తరవాత తాడు పక్కన పెట్టి లేచి వచ్చి, తడి కూడా చూసుకోకుండా నా పక్కన కూర్చున్నాడు. ఇద్దరం కూర్చునేసరికి గుమ్మం నిండిపోయింది. ఈ ఇంట్లోకి ఏది రావాలన్నా ఇక మమ్మల్ని దాటుకునే రావాలి.